అట్లాంటాలో చెరిగిన జవాబులు

2015 మార్చి 2న అట్లాంటా బడుల మాజీ సూపరింటెండెంట్ బెవర్లీ హాల్ కన్నుమూశారు. రొమ్ము క్యాన్సర్. వయసు 68. అంతకు ఆరేళ్ల ముందు, 2009 ఫిబ్రవరిలో, అమెరికాలోకెల్లా ఉత్తమ సూపరింటెండెంట్ అని ఆమెకు సన్మానం చేశారు. పోయేనాటికి ఆమె మీద రికో చట్టం కింద కేసు ఉంది. మాఫియా ముఠాల్ని పట్టుకోవడం కోసం పుట్టిన చట్టం అది. జబ్బు ముదిరి ఆమె కోర్టుకు రాలేకపోయారు. ఆమె కింద పనిచేసినవాళ్లలో పన్నెండు మంది మాత్రం అప్పటికి ఐదు నెలలుగా రోజూ బోనులో కూర్చుంటున్నారు. ఆమె దోషో నిర్దోషో ఏ జ్యూరీ తేల్చలేదు. తప్పు చేయమని తాను ఎవరికీ చెప్పలేదనే ఆమె చివరిదాకా అన్నారు.

బడిపిల్లల మార్కుల లెక్కల చుట్టూ జరిగిన కథ ఇది. ఒక మహానగరం బడుల పరువు తీసింది, వందమందికి పైగా పంతుళ్ల బతుకులు కూల్చింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన పిల్లల పేర్లు ఏ రికార్డులోనూ నేరుగా కనపడవు.

ఆ లెక్కలు దురుద్దేశంతో మొదలవలేదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే జరిగిన విషాదం అర్థం కాదు. 2002 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మీద సంతకం పెట్టారు. ప్రతిపక్షం నుంచి టెడ్ కెనెడీ అంతటివాడు దాని వెనక నిలబడ్డాడు. అంతకుముందు జిల్లా మొత్తానికి ఒక సగటు చూపిస్తే సరిపోయేది. ఆ సగటు నీడలో నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, ఇంగ్లీషు రాని వలస కుటుంబాల పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు ఏమవుతున్నారో ఎవరికీ కనపడేది కాదు. కొత్త చట్టం మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ప్రతి ఏడూ చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టమంది. ఏ వర్గం పిల్లలు ఎంతమంది గట్టెక్కారో విడివిడిగా ప్రజల ముందు పెట్టమంది. వెనకబడ్డ బిడ్డను దాచిపెట్టే దారులు మూసేద్దామన్న ఆలోచనకు చేతులెత్తి దండం పెట్టాలి.

దండం పెట్టాల్సిన ఆ చట్టంలోనే కత్తి కూడా ఉంది. ఏటేటా గీత పైకి జరుగుతుంది. 2014 నాటికి దేశంలో ప్రతి బిడ్డా, నూటికి నూరు మందీ, ఆ గీత దాటాలి. వరుసగా దాటని బడికి శిక్షలు కూడా వరుసగానే వస్తాయి: మొదట పిల్లలు వేరే బడికి వెళ్లిపోవచ్చు, తర్వాత సిబ్బందిని మార్చవచ్చు, చివరికి బడినే మూసేయవచ్చు. బిడ్డ ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి తీసిన అంకె మీద ఇప్పుడు పెద్దవాళ్ల ఉద్యోగం ఆధారపడింది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ పండితుడు 1970ల్లోనే హెచ్చరించాడు: ఒక కొలతకు ఎంత అధికారం కట్టబెడితే ఆ కొలత అంతగా చెడిపోతుందని. చట్టం రాసినవాళ్లు ఆ హెచ్చరికను లెక్కలోకి తీసుకోలేదు.

బెవర్లీ హాల్ జమైకాలో పుట్టి అమెరికా వచ్చి బ్రూక్లిన్‌లో టీచరుగా మొదలయ్యారు. న్యూయార్క్‌లో, న్యూఅర్క్‌లో పెద్ద పదవులు చేసి 1999లో అట్లాంటా బడుల పగ్గాలు పట్టారు. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన నగరం అది. బడుల్లో దాదాపు 50 వేల మంది పిల్లలు, అత్యధికులు నల్లజాతివాళ్లు, ఎక్కువమంది పేదలు. ఈ పిల్లలకు చదువు రాదని తేల్చేసిన సమాజం మీద ఆమెకు కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనదే. మినహాయింపులు లేవు, సాకులు లేవు అన్నదే ఆమె పాలనకు నినాదమైంది. జాతీయ స్థాయిలో కొందరు పిల్లల మీదే జరిగే నమూనా పరీక్ష ఒకటుంది. దాని మీద ఏ బడికీ బోనస్ రాదు, ఏ బడీ మూతపడదు కాబట్టి దిద్దవలసిన అవసరం ఎవరికీ ఉండదు. ఆ పరీక్షలో కూడా ఆమె హయాంలో అట్లాంటా మెరుగుపడింది. అంటే కొంత చదువు నిజంగానే వచ్చింది. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నిజంగా ఎదిగినదాని మీద కూడా బురద పడింది.

ఎందుకంటే ఆ కొంత సరిపోలేదు. కేంద్రం గీత పైన జిల్లా తన సొంత లక్ష్యాలు పెట్టింది. వాటిని అందుకున్న బడిలో సిబ్బందికి బోనస్. సూపరింటెండెంట్‌కు కూడా బోనస్, పదేళ్లలో అది 5 లక్షల డాలర్లు దాటింది. మూడేళ్లలో లక్ష్యం చేరని ప్రిన్సిపాల్‌కు కుర్చీ ఉండదు. ఆమె హయాంలో నూటికి తొంభై మంది ప్రిన్సిపాళ్లు మారిపోయారు. ఏటా జార్జియా డోమ్ అనే పెద్ద స్టేడియంలో సభ జరిగేది. లక్ష్యం చేరిన బడులవాళ్లు కింద మైదానంలో, చేరనివాళ్లు పైన గ్యాలరీల్లో. ఒక బడిలో మార్కులు తక్కువ వచ్చాయని టీచర్ల సమావేశంలో, అందరూ చూస్తుండగా, ఒక ఉపాధ్యాయినిని బల్ల కింద పాకించారని తర్వాత దర్యాప్తు నివేదిక రాసింది. చదువు చెప్పే మనిషిని తోటివాళ్ల ముందు నేల మీద పాకించారంటే ఆ బడి పిల్లలకు అప్పటికే పెద్దలు కరువయ్యారు.

అట్లాంటా దక్షిణాన పిట్స్‌బర్గ్ అనే పేట ఉంది. 1883లో రైల్వే వర్క్‌షాపుల పక్కన నల్లజాతి కార్మికులు కట్టుకున్న పేట. ఆ వర్క్‌షాపుల పొగ చూసి ఉక్కు నగరం పేరు పెట్టుకున్నారు. 2000ల నాటికి పనులు పోయి, అప్పులు కట్టలేక ఇళ్లు పోయి, వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. అక్కడ పార్క్స్ మిడిల్ స్కూల్ ఉండేది. వరుసగా ఐదేళ్లు గీత కింద ఉన్న బడి. 2006లో లెక్కల్లో 58 శాతం, భాషలో 67 శాతం పిల్లలు గట్టెక్కకపోతే మూసేసే ప్రమాదం ఉంది. ఆ పేటలో మిగిలిన కొద్ది ఆసరాల్లో ఆ బడి ఒకటి.

పరీక్ష పత్రాలు ప్లాస్టిక్ కవర్లలో సీలు వేసి వస్తాయి. ఒక లెక్కల మాస్టారు బ్లేడుతో ఆ ప్లాస్టిక్‌ను కోసి ప్రశ్నలు చూశాడు. మళ్లీ లైటర్ మంటతో అంచులు కరిగించి అతికించాడు. పరీక్ష అయ్యాక తాళం పెట్టిన గదిలో కొందరు టీచర్లు కూర్చుని పిల్లల జవాబు పత్రాల్లో తప్పుల్ని రబ్బరుతో చెరిపి ఒప్పుల్ని నింపారు. పరీక్షల బాధ్యత చూసే ఉద్యోగిని ఆ సమయానికి ప్రిన్సిపాల్ బయటికి పంపేవాడు. ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో లెక్కల్లో గట్టెక్కినవాళ్లు 24 శాతం నుంచి 86 శాతానికి చేరారు. చదవడంలో 35 నుంచి 78. బడి పండగ చేసుకుంది. వార్తలకెక్కింది. దాన్ని చూసి నేర్చుకోమని మిగతా బడులకు చెప్పారు.

ఒక్క ఏడాదిలో 24 నుంచి 86. జిల్లా ఆఫీసులో ఈ అంకె చూసినవాళ్లు ఎంతమందో. తరగతి గదిలో ఒక్క రోజైనా నిలబడ్డ మనిషికి ఆ రెండు అంకెల మధ్య దూరం ఎంతో తెలుస్తుంది. అడగవలసినవాళ్లు అడగలేదు, బహుమతి ఇచ్చారు.

ఆ మాస్టారు, ఆయనతో కూర్చున్న టీచర్లు దుర్మార్గులని నేను అనలేను. చాలామంది ఆ పిల్లల మేలు కోరినవాళ్లే, బడి మూతపడకూడదని చేసినవాళ్లే. తప్పు తప్పే. అయితే ఆ తప్పులో ఒక ఉచ్చు ఉంది. మరుసటి ఏడు లక్ష్యాన్ని పోయిన ఏటి మార్కుల మీద కడతారు. దొంగ మార్కుల మీద కట్టిన లక్ష్యాన్ని నిజాయితీగా అందుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి మరుసటి ఏడు ఇంకొంచెం చెరపాలి. పైతరగతి టీచరుకు కింది తరగతి నుంచి "బాగా వచ్చిన" పిల్లలే వస్తారు, వాళ్లకు నిజానికి చదవడం రాదు, వాళ్ల మార్కులు పడిపోతే ఆ తప్పు ఈ టీచరుది అవుతుంది. ఆమె కూడా రబ్బరు పట్టక తప్పదు. ఇలా ఒక బడి నుంచి ఇంకో బడికి పాకింది. ఒకచోట వారాంతంలో జవాబు పత్రాలు ఒక టీచరు ఇంటికి తీసుకెళ్లి అందరూ కలిసి దిద్దారు. ఇంకోచోట ఏడుగురు టీచర్లు పరీక్షల వారమంతా రోజూ మధ్యాహ్నం కిటికీలు లేని గదిలో తలుపేసుకుని కూర్చునేవారు. నోరెత్తినవాళ్లను బదిలీ చేశారు, వేధించారు.

బయటపెట్టింది పత్రిక. అట్లాంటా జర్నల్ కాన్‌స్టిట్యూషన్ విలేకరులు హెదర్ వోగెల్, జాన్ పెర్రీ 2008 నుంచి ఆ మార్కుల పెరుగుదలను లెక్కగట్టి, ఇది జరిగే పని కాదని రాశారు. 2010 ఫిబ్రవరిలో రాష్ట్రం జవాబు పత్రాల మీద చెరిపిన గుర్తుల్ని యంత్రంతో లెక్కించింది. పిల్లలు చెరిపితే ఒప్పు తప్పవుతుంది, తప్పు ఒప్పవుతుంది, ఒక తప్పు ఇంకో తప్పు కూడా అవుతుంది. ఇక్కడ గదులకు గదులు తప్పు నుంచి ఒప్పుకే మారాయి. రబ్బరు మిగిల్చిన ఆ మసకే సాక్ష్యమైంది. నగర పెద్దలు, వ్యాపారులు ఉన్న కమిటీ ఒకటి విచారించి, గోల కొన్ని బడులదేనని తేల్చింది. గవర్నర్ సోనీ పెర్డ్యూ ఒప్పుకోలేదు. మాజీ అటార్నీ జనరల్ మైక్ బవర్స్, మాజీ ప్రాసిక్యూటర్ బాబ్ విల్సన్, డిటెక్టివ్ రిచర్డ్ హైడ్‌లకు పని అప్పగించాడు. 2 వేలకు పైగా వాంగ్మూలాలు తీసుకున్నారు. మూడో తరగతి టీచరు ఒకామె గుండె నిబ్బరం చేసుకుని తోటివాళ్ల మాటల్ని రికార్డు చేయడానికి ఒప్పుకుంది.

2011 జూలై 5న నివేదిక బయటికొచ్చింది, 800 పేజీల పైమాటే. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల దిద్దుళ్లు. 178 మంది పేర్లు, అందులో 38 మంది ప్రిన్సిపాళ్లు. 82 మంది తప్పు ఒప్పుకున్నారు. ఆ వేసవిలోనే హాల్ పదవి నుంచి తప్పుకున్నారు. 2013 మార్చి 29న గ్రాండ్ జ్యూరీ హాల్‌తో సహా 35 మంది మీద అభియోగాలు మోపింది. 21 మంది తప్పు ఒప్పుకుని బయటపడ్డారు. విచారణకు నిలబడిన పన్నెండు మంది కేసులో ముఖ్య ప్రాసిక్యూటర్ ఫాని విల్లిస్. తర్వాతి కాలంలో డొనాల్డ్ ట్రంప్ మీద అదే రికో చట్టం కింద కేసు పెట్టింది ఆమే. 2015 ఏప్రిల్ 1న పదకొండు మందిని దోషులన్నారు. ఎక్కువమందిని అక్కడికక్కడే బేడీలు వేసి తీసుకెళ్లారు. ముగ్గురు ప్రాంతీయ అధికారులకు మొదట 20 ఏళ్ల శిక్ష పడింది, అందులో ఏడేళ్లు జైలు. రెండు వారాలకే జడ్జి జెర్రీ బాక్స్‌టర్ ఆ జైలును మూడేళ్లకు తగ్గించాడు. మిగతావాళ్లలో కొందరి అప్పీళ్లు దాదాపు పదేళ్లు సాగాయి.

అభియోగాలు ప్రకటించిన రోజు ఒక తల్లి విలేకరుల ముందు నిలబడింది. మూడో తరగతిలో తన కూతురికి చదవడం సరిగా రాదు. రాష్ట్ర పరీక్షలో మాత్రం గొప్పగా వచ్చింది. తల్లికి అనుమానం వచ్చి అడిగితే సమాధానపరిచి పంపారు. తొమ్మిదో తరగతికి చేరేనాటికి ఆ పిల్ల ఐదో తరగతి స్థాయిలో చదువుతోంది. వెనకబడ్డదని కాగితం మీద ఉంటే ఆమెకు ప్రత్యేక బోధన దక్కేది. కాగితం మీద ఆమె వెనకబడలేదు. పార్క్స్ బడి కూడా అంతే. మెరుగుపడిందని తేలడంతో వెనకబడ్డ బడులకు వచ్చే సాయంలో ఏడున్నర లక్షల డాలర్లు దానికి రాకుండా పోయాయి. ఏ బిడ్డను వెలుగులోకి తేవడానికి ఇన్ని లెక్కలు మొదలయ్యాయో, ఆ బిడ్డనే ఆ లెక్కలు పక్కకు నెట్టేశాయి.

పంతుళ్ల ఉద్యోగాలు పోవడం న్యాయం. వాళ్లను ముఠా నేరగాళ్ల చట్టం కింద జైలుకు పంపడం అన్యాయమని నా నమ్మకం. 24 నుంచి 86 చూసి చప్పట్లు కొట్టినవాళ్లు, బోనస్ పత్రాల మీద సంతకం పెట్టినవాళ్లు, నూటికి నూరు అని చట్టంలో రాసినవాళ్లు దాదాపు ఎవరూ ఆ బోనులోకి రాలేదు. 2015 డిసెంబర్‌లో ఒబామా సంతకంతో ఆ చట్టం స్థానంలో మరొకటి వచ్చింది. నూటికి నూరు అన్న లక్ష్యం నిశ్శబ్దంగా పోయింది.

అట్లాంటా ఉత్తరాన ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగ్ చూడనివాళ్లు అరుదు. ఆ రేటింగుల్లో పెద్ద భాగం ఇలాంటి పరీక్షల మార్కులే. పిట్స్‌బర్గ్ పేట అక్కడికి గంట ప్రయాణం కూడా కాదు. ఇక్కడ మన రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి ఫలితాల రోజున జిల్లాలను మొదటి స్థానం నుంచి చివరి స్థానం దాకా వరుసగా చదువుతారు. చివరన ఉన్న జిల్లాలో హెడ్మాస్టర్ల మీద పడే ఒత్తిడి ఎలాంటిదో ఉపాధ్యాయుల ఇళ్లలో అందరికీ తెలుసు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ప్రశ్నపత్రాలు బయటికి వచ్చిన కేసుల్లో టీచర్లు అరెస్టయ్యారు కూడా.

అందుకే తల్లిదండ్రులకు నా విన్నపం. బడి శాతం చూసి మురిసిపోయే ముందు మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని పాఠ్యపుస్తకంలో ఒక పేజీ పైకి చదివించండి. తడబడితే ఆ సంగతి వెళ్లి టీచరుకు చెప్పండి, నిలదీయడానికి వెళ్లకండి, సాయం అడగడానికి వెళ్లండి. అధికారులకూ ఒక మాట: టీచరు నోట "ఈ పిల్లకు ఇంకా రాలేదు" అన్న మాట వస్తే దానికి మెమో ఇవ్వకండి. ఆ పిల్లకు ఇంకో టీచరును ఇవ్వండి.