మునిగిపోతున్న సబ్‌మెరైన్‌లో రెండు పుస్తకాలు: యు-559 కథ

మీరు వాట్సాప్‌లో మెసేజ్ పంపితే మధ్యలో ఎవరూ చదవకుండా దానికి ఒక తాళం పడుతుంది కదా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లకూ అలాంటి తాళం ఉండేది. దాని పేరు ఎనిగ్మా మిషన్. 1942 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సబ్‌మెరైన్ల కోసం దానికి నాలుగో చక్రం తగిలించారు. అంతే! బ్రిటన్‌లో, బ్లెచ్లీ పార్క్‌లో కూర్చుని ఆ కోడ్ చదివేవాళ్ళకి దాదాపు పది నెలలు ఏమీ అర్థం కాలేదు. సబ్‌మెరైన్లు ఎక్కడ కాపు కాశాయో తెలియదు. సరుకు ఓడలు మునిగిపోతూనే ఉన్నాయి.

ఇప్పుడు యు-559 దగ్గరికి వద్దాం. 1941లో సర్వీసులోకి వచ్చింది. కెప్టెన్ హాన్స్ హైట్‌మాన్. ఆ నవంబర్ 27న టోబ్రుక్ దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక పారామట్టాని టార్పెడోతో ముంచేసింది. 138 మంది చనిపోయారు.

1942 అక్టోబర్ 30న దాని వంతు వచ్చింది. ఈజిప్టుకి ఉత్తరాన, మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ డిస్ట్రాయర్లు దాన్ని చుట్టుముట్టాయి. గంటల తరబడి డెప్త్ చార్జ్‌లు, అంటే నీళ్ళలో పేలే బాంబులు వేశాయి. రాత్రికి గత్యంతరం లేక పైకి తేలింది. సిబ్బంది లోపలికి నీళ్ళు వదిలేసి సముద్రంలోకి దూకేశారు. కోడ్ పుస్తకాలు మాత్రం లోపలే ఉండిపోయాయి.

పెటార్డ్ నౌక నుంచి లెఫ్టినెంట్ ఆంథోనీ ఫాసన్, నావికుడు కాలిన్ గ్రేజియర్ ఆ చీకట్లో ఈదుకుంటూ వెళ్ళి లోపలికి దిగారు. టామీ బ్రౌన్ కూడా చేరాడు. ఇతను ఓడ క్యాంటీన్ కుర్రాడు, వయసు పదహారేళ్ళే! వాళ్ళు కిందనుంచి అందిస్తుంటే, ఇతను పుస్తకాలు పైకి చేర్చాడు. ఇంతలో సబ్‌మెరైన్ ఒక్కసారిగా మునిగిపోయింది. బ్రౌన్ బయటపడ్డాడు. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు.

ఆ పుస్తకాల్లో ఒకటి వాతావరణ రిపోర్టుల కోడ్. అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ రిపోర్టులు పంపేటప్పుడు జర్మన్లు నాలుగు చక్రాల మిషన్‌ని మూడు చక్రాల దానిలాగే వాడేవాళ్ళు. పుస్తకం చేతికొచ్చాక డిసెంబర్ 13న బ్లెచ్లీ పార్క్ ఆ తాళం తీసింది. సరుకు ఓడల్ని మళ్ళీ దారి మళ్ళించగలిగారు.

ఫాసన్, గ్రేజియర్‌లకి చనిపోయాక జార్జ్ క్రాస్, బ్రౌన్‌కి జార్జ్ మెడల్ ఇచ్చారు. కానీ దేనికోసం ప్రాణాలిచ్చారో బయటికి చెప్పలేదు. జర్మన్లకి తెలిస్తే కోడ్ మార్చేస్తారు మరి. 1945లో ఇల్లు తగలబడుతుంటే చెల్లెల్ని కాపాడబోయి బ్రౌన్ కూడా చనిపోయాడు. ఎనిగ్మా రహస్యం 1970ల్లో గానీ లోకానికి తెలియలేదు. తను తెచ్చిన పుస్తకాలు ఎన్ని ఓడల్ని కాపాడాయో తెలుసుకునే అవకాశమే ఆ కుర్రాడికి దొరకలేదు.