చిన్న పిస్తోలు, షాంఘై పాఠాలు

ద్రోణుడు చెట్టు మీద పిట్టబొమ్మను పెట్టి శిష్యులను పరీక్షించిన కథ మనందరికీ తెలిసినదే. పిట్ట తల తప్ప మరేమీ కనబడటం లేదన్నాడు అర్జునుడు. విలువిద్య సంగతి ఏమో గాని, చేతి తుపాకి దగ్గర ఈ సూత్రం తలకిందులవుతుంది. అక్కడ లక్ష్యం కాస్త మసకబారినా ఫరవాలేదు, తుపాకి కొసనున్న సైటు మాత్రం స్పష్టంగా కనబడాలంటారు. ఈ మాట మీద ఏళ్ళ తరబడి వాదం నడిచింది. ఆయుధాల మీద మోజుతో ఈ టపా రాయటం లేదు. యంత్రమూ, మనిషి భయమూ ఒక్కచోట కలుసుకునే చరిత్ర కనుక నాకు ఆసక్తి.

కథ షాంఘైలో మొదలవుతుంది. అంతర్జాతీయ స్థావరంగా ఉండిన ఆ నగరభాగపు మునిసిపల్ పోలీసు దళంలో 1907లో విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే ఆంగ్లేయుడు చేరాడు. ఆ దళంలో బ్రిటిషువారితో పాటు చైనీయులూ, పంజాబు నుంచి వెళ్ళిన సిక్కులూ ఉండేవారు. చైనీయ పోలీసులకు ఇచ్చినది చిన్నపాటి .380 కోల్ట్ పిస్తోలు. అప్పటి శిక్షణ అంతా పోటీలకు తగినది: మంచి వెలుతురులో పక్కకు తిరిగి నిలబడి, చేయి చాచి, తెల్లకాగితం మీది నల్లని చుక్కను నింపాదిగా కాల్చటం. వీధిలో జరిగేది వేరు. చీకటి సందు, ఇరుకు మెట్లు, నాలుగడుగుల దూరంలో సాయుధుడైన దొంగ.

అటువంటి క్షణంలో మనిషి సహజంగానే వంగుతాడు, పిడికిలి బిగిస్తాడు, చూపు ఎదుటివాని మీదనే నిలుపుతాడు. ఫెయిర్‌బెయిర్న్ ఆ సహజ స్వభావాన్నే పద్ధతిగా మలిచాడు. అతి సమీపంలో సైటును వెతకకుండా, పిస్తోలును దేహమధ్యరేఖ వెంబడి పైకెత్తి ఒంటిచేత్తో కాల్చమన్నాడు. అభ్యాసానికి ఒక ప్రత్యేక గృహాన్ని ఏర్పాటు చేసి, అందులో అనుకోని చోట్ల బొమ్మలు ఎదురయ్యేలా అమర్చాడు. సహచరుడు ఎరిక్ సైక్స్‌తో కలిసి 1942లో ప్రచురించిన 'షూటింగ్ టు లివ్' అనే పుస్తకంలో ఇదంతా ఉంది. దూరం పెరిగినప్పుడు రెండు చేతులూ వాడమని కూడా అందులో ఉన్నది. ఈ సంగతిని అతని విమర్శకులు తరచు మరిచిపోతారు.

1950ల చివర్లో కాలిఫోర్నియాలో దీనికి ప్రతివాదం పుట్టింది. జాక్ వీవర్ అనే పోలీసు అధికారి పోటీలలో రెండు చేతులతో పట్టుకుని, పిస్తోలును కంటి ఎత్తుకు తెచ్చి, సైటు చూసి కాల్చి గెలవసాగాడు. తొందరగా కాల్చి తప్పటం కన్నా అర క్షణం ఆలస్యంగానైనా తగలటమే మేలని తేలింది. జెఫ్ కూపర్ ఆ పద్ధతిని శాస్త్రంగా తీర్చి, 1976లో ఆరిజోనాలో ఒక శిక్షణాలయం స్థాపించాడు.

పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ గురి ఎందుకు కష్టమో లెక్క చూస్తే బోధపడుతుంది. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య 10 సెంటీమీటర్ల ఎడం ఉందనుకుందాం. సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 7 మీటర్ల దూరంలో తూటా 7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఎడం 15 సెంటీమీటర్లుంటే ఆ తేడా 5 సెంటీమీటర్లకు లోపే. పైగా ఇటువంటి పిస్తోలు బరువు కిలో కూడా ఉండదు, ట్రిగ్గరు నొక్కటానికి మాత్రం రెండు మూడు కిలోల బలం కావాలి. తనకన్నా బరువైన బలం తగిలితే తేలిక వస్తువు కదలక మానదు. పిడి పొట్టిది కనుక చిటికెనవేలికి చోటుండదు. ఇక అన్నిటికన్నా పెద్ద శత్రువు చప్పుడు. అది రాబోతోందని తెలిసిన చేయి ముందుగానే ఉలిక్కిపడి గొట్టాన్ని కిందికి వంచుతుంది.

దీనికి శిక్షకులు చెప్పే మందు ఆశ్చర్యకరంగా నిశ్శబ్దమైనది. తూటాలు లేవని ఒకటికి రెండుమార్లు సరిచూసుకుని, సైటు కదలకుండా ట్రిగ్గరును మెల్లగా నొక్కటం, రోజూ అదే పని. తూటాల నడుమ ఉత్తుత్తి తూటాలు తెలియకుండా కలిపితే, పేలనప్పుడు చేతి ఉలికిపాటు కంటికి కనబడుతుంది. దోషం కనబడితేనే గదా దిద్దుకోగలం! తూటాల ఖర్చు కన్నా ఓపిక ఖర్చే ఎక్కువైన విద్య ఇది.

అయితే గురి అనే మాటకు ఇంతే అర్థమా? 1925 మే 30న అదే షాంఘైలో, నాన్‌కింగ్ రోడ్డు మీది లౌజా ఠాణా ఎదుట, అదే దళం నిరాయుధ ప్రదర్శకుల మీద కాల్పులు జరిపింది. కాల్చినవారిలో చైనీయులూ, మన సిక్కులూ ఉన్నారు. ఆజ్ఞ ఇచ్చినవాడు ఆంగ్ల అధికారి. జనం ఎదురుగానే ఉన్నారు కనుక గురి తప్పే ప్రశ్నే లేదు. పలువురు మరణించారు, చైనా అంతటా నిరసన పెల్లుబికింది. ఆ తరువాతే, గుంపులను అదుపు చేయటానికి ఫెయిర్‌బెయిర్న్ ప్రత్యేక దళాన్ని తయారు చేశాడు.

తుపాకి చరిత్రలు ఎంతమందిని కొట్టారన్న లెక్క చెబుతాయి. గురి తప్పిన తూటా కూడా జనసమ్మర్దమైన వీధిలో ఎవరికో ఒకరికి తగులుతుంది, గురి తప్పని తూటా తగలకూడని వారికీ తగులుతుంది. కూపర్ సూత్రాలలో ఒకటి, సైటు లక్ష్యం మీదకు వచ్చేదాకా వేలు ట్రిగ్గరు మీదకు పోరాదన్నది. నా మటుకు నాకు అభ్యాసంలో అన్నిటికన్నా ముందు నేర్వవలసినది అదే. మెల్లగా నొక్కే వేలికన్నా దూరంగా ఆగే వేలికే ఎక్కువ సాధన కావాలని నేననుకుంటాను. మీరేమంటారు?