నిన్న లేని చుక్క

తెర మీద చంద్రుడి నేల. దక్షిణ ధ్రువానికి దాదాపు 600 కిలోమీటర్ల ఇవతల. 2019 సెప్టెంబర్ 17న నాసా వారి లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఈ ఫొటో తీసింది. అంతకు పది రోజుల ముందు, శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2 లోని విక్రమ్ ల్యాండర్ ఇక్కడే ఎక్కడో కూలింది. మీరు దాన్ని వెతకాలి.

సూర్యుడు దిగంతం పైన ఆరు డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు. గుంటల నిండా నీడలు. మిగతాదంతా బూడిదరంగు. ఒక్కో పిక్సెల్ నేల మీద 1.3 మీటర్లు. విక్రమ్ నిలువునా దిగి ఉన్నా రెండు పిక్సెళ్ల వెడల్పు ఉండేదేమో, ఇప్పుడు ముక్కలైంది.

కాంట్రాస్ట్ పెంచండి. రాళ్లు తేలాయి, వాటితోపాటు కెమెరా నాయిజ్ కూడా తేలింది. ఎటు చూసినా తెల్లచుక్కలే. ప్రతి పిక్సెల్ నుంచి దాని చుట్టుపక్కల వాటి మధ్యస్థ విలువను తీసేయండి. వాలు మీది వెలుగు పోయి నేల చదునుగా కనిపిస్తుంది. ఇక ఎంత మెరిస్తే చుక్కగా లెక్కించాలో ఒక హద్దు పెట్టాలి. తక్కువ పెడితే నాయిజ్ అంతా వచ్చి పడుతుంది. ఎక్కువ పెడితే వెతుకుతున్నదే మాయమవుతుంది.

విక్రమ్ రాకముందు తీసిన ఫొటో తెరిచి దీని మీద సరిగ్గా కూర్చోబెట్టండి. ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా ప్రతి గుంట అంచూ కొత్త వస్తువులా మోసం చేస్తుంది. ఎండ వేరుగా పడినచోట నీడలూ అంతే.

చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన పెట్టుకుని ఓపికగా గాలించారు. పాతదాంట్లో లేని ఒకే ఒక్క తెల్ల పిక్సెల్ ఆయన కంటబడింది. నాసాకు రాశారు.

ఒక్క పిక్సెల్‌తో తీర్పు చెప్పలేం. నవంబర్ ఫొటో తెరవండి. పిక్సెల్ 0.7 మీటర్లకు తగ్గింది, సూర్యుడు 18 డిగ్రీలకు చేరాడు. ఆ చుక్కకు ఆగ్నేయంగా సుమారు 750 మీటర్ల దూరంలో విక్రమ్ గుద్దుకున్న గుంట, చుట్టూ చెదిరిన మట్టి. పెద్ద శకలాలు మూడు: ఒక్కోటి అటూ ఇటూ రెండేసి పిక్సెళ్లు, పక్కనే ఒక పిక్సెల్ నీడ. నాయిజ్‌కు నీడ ఉండదు. డిసెంబర్ 2న నాసా ఆ సంగతి ప్రకటించి, కనిపెట్టిన ఘనత ఆయనకే ఇచ్చింది.

ఆ ఆర్బిటర్ ఫొటోలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీకూ ఒక మసక చుక్క కనిపిస్తే, అది ఎంత మెరుస్తోందో చూసి మురిసిపోకండి. ముందు అదే చోటి పాత ఫొటో తెరవండి.