చిల్లా గది

మా చరిత్ర ఎక్కడ మొదలైందని అడగండి. బడిపుస్తకం వెంటనే గుర్రాల్నీ కత్తుల్నీ చూపిస్తుంది. మాలిక్ కాఫర్ అంటుంది, తుగ్లక్ అంటుంది, 1323లో ఓరుగల్లు కూలిందంటుంది. ఆ గుర్రాల మీద మా తాతలెవరూ రాలేదు. మా తాతలు దూది ఏకినోళ్లు, గాజులమ్మినోళ్లు, గుర్రాలకు గడ్డి కోసినోళ్లు, నేతనేసినోళ్లు. మా చరిత్ర మొదలైంది వేరేచోట. కిటికీ మూసి, సాంబ్రాణి పొగ పెట్టిన ఓ చిన్న గదిలో. బాలింత గదిలో.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో బాలింతను జచ్చా అంటాం. తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల ఇళ్లలో బాలింతే అంటాం. రోజులు మాత్రం ఎక్కడైనా నలభై. దాన్నే చిల్లా అంటాం. పుట్టిన బిడ్డకు నీళ్లుపోసి కుడిచెవిలో అజా, ఎడమచెవిలో ఇఖామత్ వినిపిస్తాం. నాలుక మీద తేనె చుక్క రాస్తాం. ఆరో రోజు ఛట్టీ. ఏడో రోజు తాహతుంటే అఖీఖా, పుట్టెంట్రుకలు తీసి వాటి ఎత్తు వెండి బీదలకిస్తాం. నలభయ్యో రోజు తల్లి తలంటి పోసుకుని మళ్లీ నమాజుకు నిలబడుతుంది.

ఇప్పుడు అదే గదిలో మిగతావి చూడండి. ఆముదం, వస కొమ్ము, వెల్లుల్లి కారం, శొంఠి, కాయం. బిడ్డ బుగ్గమీద దిష్టిచుక్క. గుమ్మానికి వేపమండ. అజా అరబ్బు దేశం నుంచి వచ్చింది. వేపమండ పెరట్లోంచి వచ్చింది. ఆరో రోజు పండగ షష్ఠిని కొలిచే తల్లుల దగ్గర్నుంచి వచ్చింది. ఇవన్నీ ఒక్క మంచం చుట్టూ చేరి ఎన్ని వందల ఏళ్లయిందో! ఏది మాది, ఏది మీది అని మంచంలో ఉన్న తల్లి ఎన్నడూ విడదీయలేదు.

ఇది మేం కల్పించి చెబుతున్నది కాదు. ఏలూరు ప్రాంతంలో పుట్టిన జాఫర్ షరీఫ్ అనే మనిషి, మద్రాసు కొలువులో సర్జన్‌గా ఉన్న హెర్క్‌లాట్స్ కోరిక మీద మన ముస్లింల ఆచారాలన్నీ రాశాడు. దాన్ని హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులో పెట్టి 1832లో లండన్‌లో అచ్చువేశాడు. పేరు 'ఖానూనె ఇస్లాం'. అందులో యుద్ధాల్లేవు, నవాబుల వంశావళి లేదు. కడుపుతో ఉన్న ఆడమనిషితో మొదలై, ఛట్టీ, చిల్లా, అఖీఖా మీదుగా నడిచి చావుతో ముగుస్తుంది. దక్కన్ ముసల్మాను గురించి దక్కన్ ముసల్మానే రాసిన ఆ పుస్తకం పురిటి మంచం దగ్గర మొదలైందంటే ఊరికే కాదు.

అంతకు ముందుమాట కూడా ఉంది. దక్కన్ సూఫీలు దక్కనీలో ఆడవాళ్లు పాడుకునే పాటలు కట్టారు. తిరగలి తిప్పేటప్పుడు చక్కీనామా, రాట్నం వడికేటప్పుడు చర్ఖానామా, ఉయ్యాల ఊపేటప్పుడు లోరీనామా. ఇస్లాం ఇక్కడి పల్లె ఇళ్లలోకి ఈ పాటల దారిన వెళ్లిందని రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు 1970లలోనే రాశాడు. కత్తి కథను వెయ్యిసార్లు చెప్పినవాళ్లు ఉయ్యాల కథను ఒక్కసారి చెప్పారా?

పేర్ల సంగతి చూడండి. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకు మొక్కుకుంటే మస్తాన్, మస్తానమ్మ. జాన్‌పహాడ్‌కు మొక్కుకుంటే సైదులు. నాగూరుకు మొక్కుకుంటే నాగూర్ మీరా. గూగూడుకు మొక్కుకుంటే కుళ్లాయప్ప. ఈ పేర్లు సాయిబుల ఇళ్లలోనూ ఉన్నాయి, హిందువుల ఇళ్లలోనూ ఉన్నాయి. ఉయ్యాలలో పేరు పెట్టేటప్పుడు ఇరుగుపొరుగు ఒకే గుమ్మం తొక్కొచ్చారనడానికి ఇంతకన్నా శాసనం కావాలా? 1909లో థర్‌స్టన్ దూదేకుల వాళ్ల గురించి రాస్తూ వాళ్లలో హిందూ ఆచారాలు చాలా ఉన్నాయన్నాడు. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం మాకు రెండువైపులా దెబ్బయింది. ఇటు మౌల్వీ 'మీరు సగం ముసల్మాన్లు' అన్నాడు. అటు ఊరి పెద్ద 'మీరు ఎప్పటికైనా తురకలే' అన్నాడు.

గదిలో అంతా బంగారమేనని చెప్పటం లేదు. బాలింతకు దాహమేసినా గుక్కెడు నీళ్లివ్వని ఇళ్లు మావి. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయించిన అత్తలు మా అత్తలే. తల్లులు రెండేళ్లు నిండా పాలివ్వాలని ఖురాన్ చెబుతుంటే, మొదటి రోజు పాలు నేలపాలు చేయమని ఏ కితాబు చెప్పింది? కొడుకు పుడితే రెండు మేకలు, కూతురు పుడితే ఒకటి. ఆ ఒక్కటీ అప్పుల పేరు చెప్పి ఎగ్గొట్టిన తండ్రులున్నారు. అప్పుచేసి చేసే ఛట్టీ విందు వద్దన్న సంస్కర్త మాట మాకు నచ్చింది. వేపమండ తీసేయమన్న మాటే నచ్చలేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మమ్మల్ని మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నది మాల, మాదిగ, మంగలి ఇళ్ల మంత్రసానులు. చీరె పెట్టాం, శేరు బియ్యం కొలిచాం. అఖీఖా దస్తర్‌ఖాన్ మీద మాత్రం మా పక్కన కూర్చోబెట్టుకోలేదు. సమానత్వం మా మజహబ్‌లో ఉందని చెప్పుకునే మాకు ఇది సిగ్గు.

మా నానీ పుట్టుక కథ ఇక్కడ చెప్పాలి. ఆమెకు పుట్టినరోజు కాగితం లేదు. అడిగితే 'పోలీస్ యాక్షనైన ఏడు, పీర్లు లేచిన నెల' అనేది. లెక్క కట్టాం. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీదికి సైన్యం వచ్చింది. ఆ ఏడు మొహర్రం నెల నవంబరులో పడింది. చదువురాని మనిషి చెప్పిన లెక్క నెలతో సహా సరిపోయింది. ఆ రోజుల్లో ఎంతమంది పోయారో సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అంది. ఆ నివేదికను ఏళ్ల తరబడి బయటికి రానివ్వలేదు.

నానీ పుట్టిన రాత్రి ఇంట్లో మగవాళ్లు లేరు. దొరికితే ఏమవుతుందోనని ఊరొదిలి పోయారు. చెవిలో అజా చెప్పేవాళ్లు లేక నానీ తల్లే, ఒళ్లు వణుకుతున్నా, గొంతు తగ్గించి తనే చెప్పింది. ఆడది చెప్పొచ్చా అని అడిగే మౌల్వీ ఆ రాత్రి లేడు. భయానికో తిండి లేకో ఆమెకు పాలు పడలేదు. పక్కింటి గొల్లావిడ చంకన మూడు నెలల కొడుకుంది. ఆ కొడుకును కిందపెట్టి నానీని రొమ్ముకు చేర్చుకుంది. చిల్లా నలభై రోజులూ వాళ్ల వడ్ల కొట్టంలోనే గడిచింది.

మా షరీయత్‌లో పాల సంబంధం రక్త సంబంధంతో సమానం. ఒక తల్లి పాలు తాగినవాళ్లు అన్నాచెల్లెళ్లు, వాళ్ల మధ్య పెళ్లి హరాం. దాయి హలీమా పాలు తాగే మా ప్రవక్త పెరిగారు. అందుకే నానీ ఆ గొల్లావిడ కొడుకును చనిపోయేదాకా 'అన్నా' అంది. ఆయన ముందు కొంగు కప్పుకోవాల్సిన పని లేకపోయింది. నానీ కూతురి పెళ్లికి మేనమామ చీరె తెచ్చింది ఆయనే.

ఇప్పుడు కాగితాల కాలం. 1969 చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అంటే మా చిల్లా సగమవగానే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా పుట్టిన తేదీకి ఆ కాగితమే ఆధారం. చేయించాల్సిందే. మా కోడళ్లకూ కూతుళ్లకూ మేం అదే చెబుతున్నాం. అజా చెవిలో పడ్డ రోజునే పేరులో ఒక్క అక్షరం తప్పు లేకుండా రాయించమంటున్నాం. అస్సాంలో 2019లో పౌర జాబితా నుంచి 19 లక్షల మంది పేర్లు ఎలా జారిపోయాయో చూశాం. అందులో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. అదే ఏడు డిసెంబరులో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం, పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లలో ముస్లింలను మాత్రం పక్కన పెట్టింది. ఆనాటి నుంచి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ప్రతి ముస్లిం తల్లికీ ఆ కాగితం మీద బెంగే.

కానీ ఒకటి అడుగుతున్నాం. కాగితం లేని మా నానీ ఎక్కడి మనిషి? ఆమె ఒంట్లో ఎవరి పాలున్నాయి? ఏ కొట్టంలోని వడ్ల దుమ్ము మధ్య ఆమె మొదటి ఊపిరి పీల్చింది? ఏ దఫ్తరు దీన్ని నమోదు చేస్తుంది?

ఇంకా ఆలస్యమైతే ఇవి చెప్పే ముసలమ్మలు ఉండరు. అందుకే చదువుతున్న మీకు ఒక పని చెబుతున్నాం. మీరు సాయిబులు కావచ్చు, కాకపోవచ్చు. ఈ రాత్రి మీ ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చోండి. మిమ్మల్ని ఎవరు నీళ్లాడించారో, ఎవరు పాలిచ్చారో, బొడ్డుకోసిన ఆవిడ పేరేమిటో అడగండి. ఆ పేరు రాసిపెట్టండి.