పాలంపేట: ఆలయము, తటాకము – ఒకే ధర్మము

పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము – ఈ ఏడింటిని పెద్దలు సప్తసంతానములన్నారు. మనుష్యుడు గతించిన తరువాత కూడ అతని పుణ్యమును నిలుపునవి ఇవియే. వీనిలో రెండింటిని ఒక్కచోట దర్శింపగోరువారు ములుగు జిల్లాలోని పాలంపేటకు వెళ్ళవలెను.

శాలివాహన శకము 1135, శ్రీముఖ నామ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1213లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు ఇచట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. ఈ వృత్తాంతమును ఆలయ శాసనము తెలుపుచున్నది. లోకమున ఇది రామప్ప గుడిగా ప్రసిద్ధము. ఆ నామము ప్రధాన శిల్పిదని జనశ్రుతి. ప్రతిష్ఠాపకుని పేరు స్వామికి చేరగా, ఉలి పట్టినవాని పేరు గుడికిని చెరువునకును నిలిచినది.

ఎఱ్ఱని ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికలు, స్తంభములపై నర్తకీ భంగిమలు, స్వామికి అభిముఖుడైన నంది – ఇవన్నియు చూపరులను నిలిపివేయును. శిఖరమున వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. పైభారమును తగ్గించుటకే ఆనాటి స్థపతులు ఈ ఉపాయమును పన్నిరి. పునాదిలో ఇసుకను నింపిరి. 2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

అయితే గుడిని మాత్రమే చూచి మరలువారు సగమే చూచినవారగుదురు. సమీపముననే కొండల నడుమ కట్ట వేసి వాననీటిని నిలిపిన రామప్ప చెరువున్నది. కాకతీయులు ఊరు, గుడి, చెరువు అను మూడింటిని ఒకే సంకల్పముగా భావించిరి. నీరు లేనిదే పైరు లేదు. పైరు లేనిదే నైవేద్యము లేదు. నైవేద్యము లేని ఆలయము కేవలము శిలాసముదాయమే. 1323లో ఓరుగల్లు పతనమై రాజ్యము అంతరించినను, ఆ చెరువు నీటితో నేటికిని పొలములు పండుచున్నవి.

అభిషేకమునకు ముందు అర్చకుడు కలశమందు గంగాది నదులను ఆవాహన చేయును. అనగా కలశమునకు చేరు ప్రతి జలబిందువును గంగయే. లింగమునకు చేతులు జోడించి, ఆ వెంటనే చెరువున చెత్త పడవేయువాడు తాను చేసిన అభిషేకమును తానే మలినపరచుకొనుచున్నాడు. పాలంపేటకు వెళ్ళిన భక్తుడు రుద్రేశ్వరుని దర్శించిన పిమ్మట కట్టమీదికి కూడ నడువవలెను. అచట నిలిచి ఆ జలమునకు నమస్కరించినప్పుడే యాత్ర పూర్ణమగును.