పౌరుడా, పరదేశా? - బర్మా చట్టాలూ, తెలుగు కూలీలూ

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు వెళ్లేవారికి బర్మా క్యాంపు అనే పేట పరిచితమే. అయితే ఆ పేటకు ఆ పేరు ఎందుకు వచ్చిందో మన కళాశాల విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు "రంగం వెళ్లాడు" అనే మాట ఇంటింటా వినిపించేది. రంగం అంటే రంగూన్. పొట్ట చేతపట్టుకుని ఓడ ఎక్కి వెళ్లినవాళ్ల బిడ్డలూ, మనవలూ తిరిగి అదే తీరానికి చేరి తలదాచుకున్న చోట్లలో ఆ పేట ఒకటి. వెళ్లేనాడు "నీది ఏ దేశం?" అని వాళ్లను ఎవరూ అడగలేదు. వచ్చేనాడు ఆ ప్రశ్నే వాళ్లను వెళ్లగొట్టింది. ఈ రెండు రోజుల మధ్యా చట్టం ఏ విధంగా మారిందో, ఆ మార్పు ఎవరి మీద ఎలా పడిందో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రెండు మాటల సంగతి చూద్దాం. పౌరుడు అనే మాట పురం నుంచి వచ్చింది. పురంలో వుండేవాడు పౌరుడు. జాతి అనే మాటకు మూలం పుట్టుక. మొదటి మాట మనిషిని "నువ్వు ఎక్కడ బతుకుతున్నావు?" అని అడుగుతుంది. రెండోది "నువ్వు ఎవరికి పుట్టావు?" అని అడుగుతుంది. పౌరసత్వం, జాతీయత అనే మాటల్ని మనం పర్యాయపదాలుగా వాడుకుంటున్నాం గాని, వాటి మధ్య ఇంత దూరం వుంది. బర్మాలో 1948 నుంచి 1982 దాకా నడిచిన చట్టచరిత్ర అంతా మొదటి ప్రశ్న వెనక్కి తగ్గి, రెండో ప్రశ్న దాని స్థానాన్ని ఆక్రమించిన చరిత్రే.

బర్మాను ఆంగ్లేయులు మూడు యుద్ధాల్లో ఆక్రమించారు. మొదటి యుద్ధం 1824లో ప్రారంభమైంది. మూడో యుద్ధం ముగిశాక, 1886లో దేశమంతా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిసిపోయింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి పండించటానికి బర్మా రైతు వున్నాడు. ఆ ధాన్యం దంచి, బస్తాలకెత్తి, ఓడల్లో నింపటానికి చౌక కూలీలు కావలసివచ్చారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల్లో కరువూ, అప్పూ, భూమిలేమీ వాళ్లను సిద్ధంగా వుంచాయి. మేస్త్రీ ఓడ ఖర్చులకు బయానా ఇచ్చి తీసుకువెళ్లేవాడు. ఆ అప్పు కూలి డబ్బులో కోసుకునేవాడు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి డెక్కు మీద ప్రయాణం. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోవటమే కనుక సరిహద్దు అనేది వాళ్లకు తెలియదు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరును బట్టి బర్మావారు వీళ్లను కోరంగీలు అన్నారు. ఊరి పేరు కాస్తా మనుషుల పేరై, క్రమంగా తిట్టుగా కూడా మారింది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో ఒక కోటీ నలభై ఆరు లక్షల మంది జనం వుంటే, అందులో భారతీయులు పది లక్షల పైచిలుకు. తెలుగువాళ్లు లక్షన్నర దాటారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి వుంది. ఆ పది లక్షల్లో సుమారు నాలుగు లక్షల మంది బర్మాలోనే పుట్టినవాళ్లు. అంటే "పరదేశీయులు" అనే ఒకే మూటలో రెండేళ్లకోసారి ఇంటికి వచ్చిపోయే కూలీ వున్నాడు. ఇండియా మొహం చూడని రెండో తరంవాడూ వున్నాడు.

బర్మా ప్రజల ఆగ్రహానికి కారణం లేకపోలేదు. 1930 తరవాత ధాన్యం ధర పడిపోయినప్పుడు రైతులు అప్పు తీర్చలేక భూములు పోగొట్టుకున్నారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి చెట్టియార్ల చేతికి పోయింది. కాని ఆ ఆగ్రహం మొదట తగిలింది వడ్డీ వ్యాపారికి కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మావారిని ఇంటికి పొమ్మన్నారు. మే 26న ఇద్దరు పేదవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. వందకు పైగా ప్రాణాలు పోయాయి; పోయినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరినీ వాడుకున్న ఓడల కంపెనీలకు మాత్రం ఏ దెబ్బా తగలలేదు. చట్టంలో "పరదేశి" అనే మాట పుట్టకముందే, రేవులో ఆ మాట ఇలా తయారైంది.

1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఒక్క రాత్రిలో సముద్రం సరిహద్దయింది. 1941లో వలసలను అదుపు చేయటానికి ఉభయ ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి గాని, అంతలోనే యుద్ధం వచ్చిపడింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. నాలుగైదు లక్షల మంది భారతీయులు అరకాను కొండల మీదుగానూ, మణిపురం దారినీ, ఓడల్లోనూ ఇండియాకు చేరారు. దారిలో ఆకలికీ, జ్వరాలకీ వేలాదిమంది బలి అయ్యారు. యుద్ధం ముగిశాక కొందరు మళ్లీ వెళ్లారు. బతుకు అక్కడే వుంది మరి.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. అంతకు ముందటి ఏడాది ఆమోదించిన రాజ్యాంగం 11వ విభాగం పౌరసత్వాన్ని నిర్ణయించింది. దేశీయ జాతుల్లో పుట్టినవాళ్లకు హక్కు సహజంగానే వచ్చింది. అయితే అక్కడితో ఆగలేదు. బ్రిటిష్ రాజ్యంలో పుట్టినవాడు, 1942 జనవరి 1కి గాని, రాజ్యాంగం అమలయిన రోజుకు గాని ముందరి పదేళ్లలో ఎనిమిదేళ్లు బర్మాలో వుండి, శాశ్వతంగా వుండదలిస్తే పౌరసత్వం కోరుకోవచ్చునన్నది. ఆ 1942 తేదీని గమనించండి. యుద్ధంలో పారిపోయినవాడిని ఆ పారిపోవటం కారణంగా శిక్షించకూడదనే వివేకం ఆ తేదీలో వుంది. అదే ఏడు వచ్చిన పౌరసత్వ చట్టం రెండు తరాలుగా అక్కడే స్థిరపడ్డ కుటుంబంలో, అక్కడే పుట్టిన తల్లిదండ్రులకు అక్కడే పుట్టినవాడిని పౌరుడుగా పరిగణించింది. కొత్తగా కోరేవారికి అయిదేళ్ల నివాసం, ఒక దేశీయ భాష చాలునన్నది. అలహాబాదులో పుట్టి, రంగూన్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఉద్యమంలో ఆంగ్ సాన్‌తో, ఊ నూతో కలిసి పనిచేసిన ఎం.ఎ. రషీద్, ఊ నూ ప్రభుత్వంలో మంత్రి కాగలిగాడంటే ఆనాటి స్ఫూర్తి ఎలాంటిదో తెలుస్తుంది.

చట్టం తలుపు తెరిచింది, నిజమే. ఆ తలుపు దాకా నడవగలిగినవాళ్లు ఎందరు? పదేళ్లలో ఎనిమిదేళ్లు వున్నానని రుజువు చూపాలి. కూలీ పేరు మేస్త్రీ పుస్తకంలో వుంటుంది గాని, సర్కారు పుస్తకంలో వుండదు. అద్దెచీటీ లేదు, భూమిపట్టా లేదు, చదువు లేదు. ఉన్న కాగితం ఏదైనా వుంటే అది బాంబుల్లోనో, కొండదారిలోనో పోయి వుంటుంది. పైగా దరఖాస్తు పెట్టినవాళ్లవి కూడా కచేరీల్లో ఏళ్ల తరబడి పడివుండేవి. మరోవైపు భారత రాజ్యాంగం 8వ అధికరణం, తానో, తల్లిదండ్రులో, వాళ్ల తల్లిదండ్రులో అవిభక్త భారతదేశంలో పుట్టివుంటే పరదేశంలో వుంటూనే భారత పౌరుడుగా నమోదు కావచ్చునంది. ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాడు నెహ్రూ. మాట న్యాయమైనదే. కాని ఒక కాలు రేవులోనూ, మరో కాలు శ్రీకాకుళం పల్లెలోనూ వున్న నిరక్షరాస్యుడికి తేల్చుకోవటం ఎలా? అందుకే వేలాదిమంది ఏ దేశానికీ చెందకుండానే కాలం వెళ్లబుచ్చారు. ఆ అలక్ష్యానికి మూల్యం తరవాత చెల్లించవలసి వచ్చింది.

1962 మార్చి 2న సేనాని నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. "బర్మా సోషలిస్టు మార్గం" అన్నాడు. 1964 మార్చిలో రంగూన్‌లో దుకాణాలు జాతీయమయ్యాయి. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. జాతీయం చేయటమనే మాట వినగానే మనబోటివాళ్లకు సంతోషం కలగటం సహజం. కాని ఆ జాతీయంలోని జాతి ఎవరిది? చెట్టియార్ల భూములు 1948 భూచట్టంతోనే పోవటం మొదలైంది. 1964లో మిగిలినవాళ్లలో చిల్లర కొట్టువాడూ, గుమస్తా, రేవుకూలీ ఎక్కువ. పౌరసత్వం లేనివాడికి లైసెన్సు లేదు, పని లేదు, దాచుకున్న నోటుకు విలువ లేదు. వెళ్లిపోయేటప్పుడు వొంటిమీది నగలకు కూడా లెక్క కట్టారు. లక్షన్నరకు పైగా భారతీయులు ఓడలెక్కి మద్రాసుకూ, విశాఖపట్నానికీ వచ్చారు. శ్రామికుణ్ణి శ్రామికుడుగా గుర్తించక, పుట్టుకను బట్టి గేటు బయటికి తోసే సోషలిజం సోషలిజం కాదని నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. అలా చెప్పుకోకపోతే ఆ పేరు పెట్టుకున్న ప్రతి సైనిక నియంతా మన చేత చప్పట్లు కొట్టించుకుంటాడు.

ఇక 1982 చట్టం. ఆ ఏడు అక్టోబరులో వచ్చిన ఈ చట్టం మనుషుల్ని మూడు తరగతులు చేసింది: పౌరులు, అనుబంధ పౌరులు, దేశీయీకృత పౌరులు. కచిన్, కయా, కరెన్, చిన్, బర్మన్, మోన్, రఖైన్, షాన్ మొదలైన జాతులుగా 1823కు ముందునుంచీ స్థిరపడినవారి సంతతి పుట్టుకతో పౌరులు. 1823 ఎందుకు? అది మొదటి ఆంగ్ల యుద్ధానికి ముందటి సంవత్సరం. సామ్రాజ్యవాది అడుగుపెట్టకముందు వున్నవాడే స్వదేశీ, అతడి వెంట వచ్చిన కూలీ ఆరు తరాలు గడిచినా పరదేశి అన్నమాట. వలసపాలనను తుడిచివేయదలచిన చట్టం, ఆ వలసపాలకుల యుద్ధతేదీనే మనిషి విలువకు కొలబద్దగా పెట్టుకున్నది.

అప్పటికే పౌరులైనవారి హక్కును ఈ చట్టం తీసివేయలేదు. కాని 1948 చట్టం కింద దరఖాస్తు పెట్టుకుని తీర్పుకోసం ఎదురుచూస్తున్నవారిని అనుబంధ పౌరులుగా మాత్రమే గుర్తిస్తామన్నది. అసలు దరఖాస్తే పెట్టనివారు, 1948 జనవరి 4కు ముందే తామో, తమవారో అక్కడ వున్నట్టు తిరుగులేని సాక్ష్యం చూపితే దేశీయీకృత పౌరత్వం అడగవచ్చు. ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు వున్నారనుకుందాం. ఒకే రోజున దరఖాస్తు పెట్టారు. పెద్దవాడి కాగితం చట్టానికి ముందు నెలలో సంతకమైంది. చిన్నవాడిది గుమస్తా బల్ల మీద వుండిపోయింది. పెద్దవాడు పౌరుడు. చిన్నవాడి హక్కులు, ప్రభుత్వం ఎప్పటికప్పుడు తీసివేసినవి పోగా మిగిలినవి. పైగా పుట్టుకతో పౌరుడు కానివాడి పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేయవచ్చు. ఇద్దరి మధ్య తేడా దేశభక్తిలో లేదు, శ్రమలో లేదు. కచేరీ ఆలస్యంలో వుంది. చట్టం మారినప్పుడు అందరికన్నా ఎక్కువ నష్టపోయేది వరసలో నిలబడ్డవాడే. నిన్నటి నిబంధనను నమ్మి అతడు నిలబడ్డాడు. నేటి నిబంధన అతడికి తీర్పు చెప్పింది.

1989 నుంచి ఈ తరగతులు గులాబి, నీలం, ఆకుపచ్చ రంగు కార్డులుగా జేబుల్లోకి వచ్చాయి. మౌల్మీన్, పెగూ ప్రాంతాల్లో మిగిలిన తెలుగువాళ్లలో ఎందరో బర్మా పేర్లతో, బర్మా మాటతో బతుకుతున్నారు. ఈ చట్టం దెబ్బకు అందరికన్నా ఘోరంగా గురి అయినవారు అరకానులోని రోహింగ్యాలు. రాజ్యం వారిని తన జాతుల జాబితాలోనే చేర్చలేదు. 2017లో సైన్యం విరుచుకుపడినప్పుడు ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్‌కు పారిపోయారు. పౌరుడు కాడని కాగితం మీద రాసిన ముప్పై అయిదేళ్లకు వాళ్ల ఇళ్లకు నిప్పు అంటుకున్నది.

ఇదంతా పొరుగువాడి కథ అని మనం నిశ్చింతగా వుండగలమా? 1955 నాటి మన పౌరసత్వ చట్టం ఈ నేల మీద పుట్టినవారిని దాదాపు అందరినీ పౌరులన్నది. 1986 సవరణ తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులు కావాలన్నది. 2003 సవరణ రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్నది. 2019 సవరణ మతం అడిగింది. అదే ఏడు అస్సాంలో పౌరపట్టిక తుదిజాబితా 19 లక్షల మందిని బయట వుంచింది. మెట్టు తరవాత మెట్టుగా, "ఎక్కడ వున్నావు?" అనే ప్రశ్న నుంచి "ఎవరికి పుట్టావు?" అనే ప్రశ్నకు మనమూ దిగుతున్నాం.

కొత్తగా స్వతంత్రమైన దేశానికి తన పౌరులెవరో నిర్ణయించుకునే అధికారం వుంది. దాన్ని ఎవరూ కాదనరు. కాని ఆ నిర్ణయానికి కొలబద్ద ఏది? రంగూన్ రేవులో బస్తా మోసిన వీపా, 1823 నాటి తాత పేరా? 1947లో ఆ రాజ్యాంగం రాసినవారు, కొంత సంకోచంతోనైనా, ఆ వీపును కూడా లెక్కలోకి తీసుకున్నారు. తరవాత వచ్చినవారు తాత పేరునే అడిగారు. బర్మా క్యాంపు మీదుగా కళాశాలకు వెళ్లే మన విద్యార్థులు ఆ పేరుపలకను ఒకసారి ఆగి చదవాలి. పౌరుడు అనే మాటకు మన భాషలో వున్న అర్థం, పురంలో వుండేవాడు అనే అర్థం, చట్టంలో కూడా నిలబడాలంటే దాని కోసం పోరాడవలసింది ఆ పురాన్ని తమ చేతులతో కట్టేవాళ్లూ, వాళ్ల పక్షాన నిలిచేవాళ్లూను.