కళాశాల విద్యలో అభ్యాస ప్రశ్నలు: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

మాదిరి ప్రశ్నపత్రాలను, ప్రశ్ననిధులను సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఆధారాలుగా పరిగణించరు. పరీక్ష ముగిసిన మరునాడే అవి పాత కాగితాల కట్టల్లో చేరుతాయి. అయితే ఒక తరం ఏ విషయాన్ని జ్ఞానంగా భావించిందో, దానిని ఏ భాషలో వ్యక్తం చేయమని విద్యార్థిని కోరిందో తెలుసుకోవడానికి పాఠ్యగ్రంథం కంటె ప్రశ్నపత్రమే సూటియైన సాక్ష్యం. పాఠ్యగ్రంథం చెప్పదలచినదంతా చెబుతుంది. ప్రశ్న అందులో విలువైనదేదో ఎంచి చూపుతుంది. కళాశాల స్థాయిలో అభ్యాస ప్రశ్న ఏ ఆశయంతో రూపొందిందో, ఆచరణలో ఏ రూపం దాల్చిందో, తెలుగు శాస్త్రవచనంపై దాని ప్రభావం ఎట్టిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరీక్షకు లోబడిన బోధన

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయాన్ని అనుసరించి ప్రధానంగా పరీక్షలు నిర్వహించే సంస్థగా పనిచేసింది. బోధన అనుబంధ కళాశాలలది, ప్రశ్న విశ్వవిద్యాలయానిది. ఈ విభజన ఫలితంగా దూర ప్రాంతపు అధ్యాపకునికి, విద్యార్థికి విశ్వవిద్యాలయం ప్రశ్నపత్రం రూపంలోనే కనిపించేది. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు విశ్వవిద్యాలయ కేలండర్లలో ముద్రితమయ్యేవి. పాఠ్యప్రణాళికకు అసలైన వ్యాఖ్యానం వాటిలోనే లభించేది. బోధన పరీక్షకు లోబడిపోవడమే భారత విశ్వవిద్యాలయాల ప్రధాన దోషమని 1902 నాటి విశ్వవిద్యాలయాల కమిషన్ పేర్కొన్నది. 1904 చట్టం విశ్వవిద్యాలయాలకు బోధనాధికారం కల్పించినా, ప్రశ్నకున్న ప్రాబల్యం తగ్గలేదు.

3. జవాబు భాషపై వివాదం

ఆధునిక తెలుగు వచన చరిత్రలో కీలకమైన వివాదం ఒకటి పరీక్ష కేంద్రంగానే తీవ్రమైంది. 1912-13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ వ్యాసరచన పరీక్షను కావ్యభాషలో గాని వ్యావహారికంలో గాని వ్రాయవచ్చునన్న ఉత్తర్వు వెలువడింది. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు ప్రభృతులు దీనిని ప్రతిఘటించారు. గిడుగు రామమూర్తి 1913లో ఆధునిక భాషను సమర్థిస్తూ విజ్ఞాపన ప్రకటించారు. గురజాడ అప్పారావు 1914లో విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినా అప్పటికి గ్రాంథికవాదులదే పైచేయి అయింది.

ఈ వివాదాన్ని భాషాశైలుల మధ్య పోరుగా మాత్రమే చూడడం చాలదు. విద్యార్థి తాను గ్రహించిన దానిని తన మాటల్లో చెప్పవచ్చునా, లేక కంఠస్థం చేసిన వాక్యాన్నే అప్పగించాలా అన్నదే దానిలోని విద్యావిషయక సమస్య. అలవాటు లేని భాషలో జవాబు వ్రాయవలసిన వానికి కంఠస్థమే శరణ్యమవుతుంది.

4. ప్రశ్ననిధి ఆశయం

విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణ సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలని 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ అభిప్రాయపడింది. 1956లో బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వాన వెలువడిన విద్యాలక్ష్యాల వర్గీకరణ మన పరీక్షా సంస్కర్తలను ప్రభావితం చేసింది. జ్ఞాపకం, అవగాహన, అనువర్తనం వేర్వేరు సామర్థ్యాలనీ, వాటిని పరీక్షించే ప్రశ్నలూ వేరుగా ఉండాలనీ స్పష్టమైంది. 1973లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం పరీక్షా సంస్కరణల కార్యప్రణాళికలో ప్రశ్ననిధులకు చోటిచ్చింది.

ప్రశ్ననిధి వెనుక ఉన్న తర్కం గమనింపదగినది. ఒక శాస్త్రంలోని సమస్త భాగాలపై విస్తారంగా ప్రశ్నలుంటే వాటిని రహస్యంగా దాచవలసిన పనిలేదు. అన్నింటికీ సిద్ధపడడమంటే ఆ శాస్త్రాన్ని చదవడమే. కాని విపణిలోని గైడ్లు ఈ తర్కాన్ని తలక్రిందులు చేశాయి. విస్తరించవలసిన ప్రశ్నలను ‘ముఖ్య ప్రశ్నలు’గా కుదించి, ప్రతిదానికి సిద్ధమైన జవాబును జోడించాయి. ప్రశ్ననిధి సిలబస్‌ను విప్పితే, గైడు దానిని మూసింది.

5. తెలుగు మాధ్యమం - ప్రశ్న స్వరూపం

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఉన్నతవిద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు సమకూర్చింది. పదం పుట్టినంత మాత్రాన శాస్త్రవచనం పుట్టదు. విద్యార్థి ఆ పదంతో ఆలోచించే అవసరాన్ని ప్రశ్న కల్పించాలి. అర్థశాస్త్రంలో “డిమాండ్ వ్యాకోచత్వాన్ని నిర్వచించి, రకాలను వివరించండి” అన్న ప్రశ్నకు పుస్తకంలోని పుట సరిపోతుంది. “ఉప్పు ధర పెరిగినా కొనుగోలు అంతగా తగ్గదు, బంగారు నగల విషయంలో తగ్గుతుంది. కారణమేమి?” అన్న ప్రశ్నకు విద్యార్థి స్వయంగా వాక్యాన్ని నిర్మించుకోవాలి. వ్యాకోచత్వమన్న పదం అప్పుడు అతని సొంతమవుతుంది.

తెలుగు సాహిత్యంలోనూ ఇదే స్థితి. నన్నయ అక్షరరమ్యతను వివరించమంటే పూర్వ విమర్శకుల మాటలు వల్లెవేయవచ్చు. తరగతిలో చెప్పని పద్యమిచ్చి, అందులో ఆ గుణం ఉన్నదో లేదో నిరూపించమంటే పద్యాన్ని చదవక తప్పదు. ఒక ప్రశ్న విమర్శ చరిత్రను అడుగుతున్నది, మరొకటి విమర్శను అడుగుతున్నది. రెండూ అవసరమే. మొదటిదే మిగలడం వల్ల నష్టం కలుగుతున్నది.

6. ముగింపు

‘వివరింపుము’ కాలక్రమాన ‘వివరించండి’గా మారింది. భాష మారినా, ఆ క్రియ విద్యార్థి నుండి కోరే పని చాలాచోట్ల మారలేదు. “వ్యావహారిక భాషోద్యమాన్ని గురించి వ్యాసం వ్రాయండి” అన్నది నేడు తెలుగు విద్యార్థికి చిరపరిచితమైన ప్రశ్న. విద్యార్థికి తన మాటల్లో జవాబు చెప్పే స్వేచ్ఛను కోరిన ఉద్యమమే సిద్ధమైన జవాబుగా మారి కంఠస్థమవుతున్నది. కాబట్టి పాత ప్రశ్నపత్రాలను, అభ్యాస ప్రశ్నల సంపుటాలను శాఖా గ్రంథాలయాలు భద్రపరచాలి; వాటిని వచన చరిత్రకు ఆధారాలుగా పరిశోధకులు స్వీకరించాలి. ప్రశ్న రచనను పరీక్షల కాలపు లాంఛనంగా కాక, బోధనలో భాగంగా అధ్యాపకులు భావించాలి. తెలుగులో ఆలోచించి వ్రాయగల విద్యార్థి తయారు కావాలంటే, అట్టి ఆలోచనను కోరే ప్రశ్న ముందుగా తెలుగులో ఉండాలి.